బాతు సారు చేయని తప్పు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ వయసు, హన్మకొండలో చేసిన ఆరు నెలల కంప్యూటర్ కోర్సు, జేబులో రెండు పెన్‌డ్రైవులు. ఇంతకు మించి ఒక మనిషికి ఏం కావాలో నాకు తోచేది కాదు. ఆ వయసులో జరిగిన ఒక ల్యాప్‌టాప్ కథను పదిహేనేళ్ళుగా చెబుతూ వస్తున్నాను. పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, బస్టాండు హోటళ్ళలో చెప్పాను, తొర్రూరులో నా జిరాక్స్ షాపు ముందు కరెంటు పోయి అందరం ఖాళీగా కూర్చున్నప్పుడల్లా చెప్పాను. విన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు. ఆ నవ్వు ఇంకా సాగుతుండగానే నేను కథ ఆపేసేవాణ్ణి, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదానిలో నవ్వేదేమీ లేదు. ఒక మనిషి మంచివాడా, పనిమంతుడా అని ఒకాయన నన్ను అడిగాడు. నేను చెప్పాల్సిన నాలుగు మాటలు నోట్లోనే ఉంచుకున్నాను. ఈసారి, ఎప్పుడూ ఆపేసే ఆ చోటు దాటి రాస్తున్నాను. మొదటి భాగంలో నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను.

అప్పటికి జనగామ ఇంకా జిల్లా కాలేదు. కొడకండ్లలో మా అక్క మొగుడు, అంటే మా బావ, ఒక ఆన్‌లైన్ సెంటర్ పెట్టాడు. హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, భూముల పహాణీ నకళ్ళు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మడిగె (దుకాణం గది), ఒక ప్రింటరు, ఒక ల్యాప్‌టాప్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు (అందులో ఒకదానికి మూడు కాళ్ళే ఉండేవి, బావ తనకు నచ్చనివాళ్ళు వస్తే దాన్నే చూపించేవాడు). పక్క మడిగెలో పిండి గిర్ని. రెండు మడిగెలకూ మధ్య ఒక్కటే గోడ. గిర్ని నడిపే ఆమెను ఊరంతా గిర్ని అక్క అనేవారు. పొద్దున ఎనిమిదికి మోటారు వేస్తే జొన్నలు, గోధుమలు, ఎండాకాలంలో మిరపకాయలు పడుతూనే ఉండేది. మిరపకాయలు పట్టిన రోజు మా దగ్గర ఫోటో దిగినవాళ్ళందరూ ఏడుస్తున్నట్టే పడేవారు. ఆ ఫోటోలతో ఎన్ని దరఖాస్తులు పోయాయో, వాటిని చూసిన ఆఫీసర్లు కొడకండ్ల గురించి ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి.

బామ్మర్దిని కాబట్టి బావ నన్ను ఇంజినీరు హోదాలో పెట్టుకున్నాడు. పని చేసేది మాత్రం ఇంకొకతను. గార్ల దగ్గరి ఒక తండా నుంచి వచ్చినవాడు, నాకన్నా రెండేళ్ళు చిన్న. వాళ్ళ తండాలో కుర్చీలో కూర్చుని చేసే పని దొరికిన మొదటి మనిషి అతనే. ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంటికి ఫోన్ చేసి, అమ్మను "యాడీ" అని పిలుస్తూ వాళ్ళ భాషలో మాట్లాడేవాడు. నడుమ నడుమ కీబోర్డు, ప్రింటరు అన్న మాటలు మాత్రమే నాకు తెలిసేవి. ఆ రోజు ఏం పని చేశాడో ఒక్కటీ వదలకుండా ఆమెకు చెప్పేవాడని ఆ రెండు మాటలను బట్టే అర్థమయ్యేది.

వచ్చినవాళ్ళ పెన్‌డ్రైవులన్నీ గుచ్చీ గుచ్చీ మా ల్యాప్‌టాప్ వైరస్‌ల పుట్ట అయింది. ఒక ఆదివారం అతను పాతదంతా తీసేసి లైనక్స్ ఎక్కించాడు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు, లోపల ఏం రాశారో ఎవరైనా చూడవచ్చు, చేతనైతే బాగు చేయవచ్చు. "అన్నా, గిది ఒక్కల సొత్తు గాదు. తెలిసినోల్లంత కలిసి రాసుకున్నరు" అని, ఆ కలిసి రాసినవాళ్ళంతా తనకు చుట్టాలైనట్టు మురిసిపోయాడు. దాని గుర్తు పెంగ్విన్. ఆ స్టిక్కరొకటి ఎక్కడో సంపాదించి మూత మీద అంటించాడు. మర్నాడు పింఛను కాగితం కోసం వచ్చిన ఒక అవ్వ దాన్ని ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డా, సర్కారు పనికాడ బాతు బొమ్మ వెట్టినవ్?" అంది. ఆ రోజు నుంచి అతను ఊరందరికీ బాతు సారు. అతను కోపం చేసుకోలేదు. సారు అన్నారు కదా, అది చాలనుకున్నట్టుంది.

మూడు రోజులు ల్యాప్‌టాప్ గుర్రంలా పరిగెత్తింది. సరిగ్గా ఆ వారమే బావకు వాస్తు పట్టుకుంది. తొర్రూరు నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించాడు (పిలుచుకొచ్చింది నేనే, బస్సులో కిటికీ సీటు ఆయనకిచ్చి). ఆయన మడిగె నాలుగు మూలలా తిరిగి, "యంత్రం ఉత్తరం గోడకు ఉండాలె. అది కుబేరుని దిక్కు" అని తేల్చాడు. ఉత్తరం గోడలోకి ఒక షాబాదు బండ అరలా దింపి ఉంది. అంతకుముందు అక్కడ కిరాణం నడిపినవాళ్ళు డబ్బాలు పెట్టుకోవడానికి దింపించిన బండ. టేబుల్ బయట వేయించి, ల్యాప్‌టాప్‌ను నా రెండు చేతులతో తీసుకెళ్ళి ఆ బండ మీద పెట్టి, పసుపూ కుంకుమా కూడా నేనే పెట్టాను. ఆ గోడ గిర్ని గోడ. అవతల సరిగ్గా అదే జాగాలో గిర్ని మోటారు. మీకు ఇప్పటికే సంగతి తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. పొద్దంతా ఆ గోడ పక్కనే ఉన్న మనుషులకు గిర్ని చప్పుడు చప్పుడుగా వినిపించదు, గోడ వణుకు వణుకుగా తెలియదు.

మర్నాటి నుంచి ల్యాప్‌టాప్ కుంటడం మొదలుపెట్టింది. ఒక ఫైలు తెరవమని నొక్కితే, దరఖాస్తుకు వచ్చినవాళ్ళు చౌరస్తా దాకా పోయి టీ తాగి వచ్చేవారు, అప్పటికీ అది ఆలోచిస్తూనే ఉండేది. బాతు సారు ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి, డిస్క్ ఎంత వేగంతో చదువుతోందో కొలిచే కమాండ్ కొట్టి, అంకె, టైము రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే మార్చి చూశాడు. మెమరీ చాలకపోతే డిస్క్‌లో వాడుకునే జాగా ఉంటుంది, స్వాప్ అంటారు, దాన్ని తగ్గించాడు, పెంచాడు, తీసేశాడు. డిస్క్ మొత్తాన్నీ తనిఖీ పెట్టాడు. ఎక్కడా దెబ్బ లేదు. ఇంజినీరు హోదాలో నేను చేసినవి వేరు. సైకిల్ పంపుతో లోపలి దుమ్ము ఊదాను. వేడి చేసిందేమోనని టేబుల్ ఫ్యాన్ పెట్టాను (దరఖాస్తులన్నీ ఎగిరి గిర్నిలోకి పోయాయి). బావ మూతకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. మూత మూసినప్పుడల్లా నిమ్మకాయ నలిగి రసం కారేది.

"గుల్జార్ మచ్చీ లెక్క మెరుస్తున్నది గాని కదుల్తలేదేందిర బామ్మర్దీ?" అనేవాడు బావ. అది ఏం చేపో, ఎక్కడ ఉంటుందో ఆయనకూ తెలియదు.

అన్నింటికన్నా విచిత్రం, సాయంత్రం బాతు సారు దాన్ని తన గదికి తీసుకెళితే చక్కగా నడిచేది. పొద్దున సెంటరుకు తెచ్చి బండ మీద పెడితే మళ్ళీ కుంటేది. ఇంతదాకా చెప్పి, బావ ముఖం ఎలా పెట్టేవాడో చేసి చూపిస్తే పెళ్ళి పందిళ్ళలో జనం పడీ పడీ నవ్వేవారు. నేను కథ ఆపేది ఇక్కడే.

స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఆఖరు రోజు వచ్చింది. పొద్దటి నుంచి పిల్లలు లైను కట్టారు. ఆ రోజు గిర్ని దగ్గర కూడా అంతే లైను. సాయంత్రం దాకా ల్యాప్‌టాప్ నెట్టుకుంటూ నెట్టుకుంటూ వచ్చి, చివరికి బిగుసుకుపోయింది. ముగ్గురు ఆడపిల్లల దరఖాస్తులు ఆగిపోయాయి. (తర్వాత గడువు పెంచారు, వాళ్ళకు డబ్బులు వచ్చాయి. కానీ ఆ సాయంత్రం అది ఎవరికీ తెలియదు.) ఒక పిల్ల తండ్రి బావ అంగీ పట్టుకున్నంత పని చేశాడు. ఆయన వెళ్ళిపోయాక బావ బాతు సారు వైపు తిరిగాడు.

"నీ రూముల ఉంటె ఉరుకుతది. నా దుకాణంల పంటది. ఏం జేసినవ్ర దీనికి? ఏం మందు వెట్టినవ్?"

"మందేంది అన్నా? నేను రాసుకున్న, జూడు. పొద్దుగాల మెల్లగ, పొద్దూకినంక తేజ్. ఇంకో రెండు రోజులు టైమియ్యి, దొర్కవడతా."

"నువ్వు లేకుంటె నడవొద్దని ఏదో జేసినవ్. మీ తండాల గివన్నీ ఉంటయని నాకు తెల్వదా?"

ఆ మాటకు అతను నోటుబుక్కు మూసేశాడు. బావ నన్ను అడిగాడు: "నువ్వు సదువుకున్నోనివి, నువ్వు జెప్పు. తప్పెక్కడున్నది?"

ఎక్కడుందో నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు అలవాటు లేదు. "ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ తోనే బావా. ఊకె వచ్చేటిది గట్లనే ఉంటది" అన్నాను.

బాతు సారు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నిజంగానే అంతేనేమో, అన్న తనకన్నా ఎక్కువ చదివాడు కదా అన్న అనుమానం ఉంది. ఆ అనుమానాన్ని అతనిలో నాటింది నేను. ఆ రోజుతో అతని పని పోయింది. మందు పెట్టాడన్న మాట మర్నాటికి ఊళ్ళో పాకింది. గది ఇచ్చినామె, "మా ఇంట్ల చిన్నపిల్లలున్నరు నాయినా" అని ఖాళీ చేయించింది. ఇనుప పెట్టె భుజాన పెట్టుకుని అతను బస్టాండుకు పోతుంటే నేను ప్రింటరులో కాగితం ఇరుక్కున్నట్టు వంగి దాన్ని తీస్తూ కూర్చున్నాను. కాగితమేమీ ఇరుక్కోలేదు.

లైనక్స్ తీసేసి, డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరో కాపీ చేసిచ్చిన సీడీ నుంచి ఎక్కించాను. అదీ కుంటింది. "కొత్తది బావా, కుదురుకునేదాక టైం వడతది" అన్నాను. నాలుగో రోజు పదకొండు గంటలకు మోటార్లు నడిపే త్రీఫేజ్ కరెంటు పోయింది. గిర్ని ఆగింది. మా లైటు వెలుగుతూనే ఉంది. ఆ క్షణాన నా ముందున్న ల్యాప్‌టాప్ నిద్ర లేచినట్టు టపటపా ఫైళ్ళు తెరవడం మొదలుపెట్టింది. అరగంటకు కరెంటు వచ్చింది, గిర్ని తిరిగింది, ల్యాప్‌టాప్ మళ్ళీ బిగుసుకుంది. నేను అరచేయి బండ మీద పెట్టి చూశాను. సన్నగా వణుకుతోంది. డిస్క్ లోపల తిరిగే పళ్ళెం మీద వెంట్రుకకన్నా తక్కువ ఎత్తున సూది తేలుతూ చదవాలి. పరిగెత్తే ఆటోలో కూర్చుని సూదిలో దారం ఎక్కించమంటే ఎవరికి చేతనవుతుంది? తప్పిన ప్రతిసారీ అది మళ్ళీ మొదలుపెట్టుకుంటోంది.

గిర్ని దగ్గరకు పరిగెత్తాను. "అక్కా, ఒక్కపారి బంద్ జేసి మల్ల ఎయ్యవా?"

"ఎందుకురా?"

"ఊకెనే. ఐదారు సార్లు ఎయ్యి, తియ్యి."

"పిచ్చి లేసిందా నీకు? గింజ లేకుంట తిప్పితె రాయి అరుగుతది. మీ బావ కట్టిన నిమ్మకాయ నువ్వు గూడ కట్టుకో పో!"

అయినా మంచిది, రెండుసార్లు ఆపి వేసింది. ఆపిన రెండుసార్లూ ల్యాప్‌టాప్ లేచింది, ఇక అనుమానం లేదు. ల్యాప్‌టాప్‌ను బండ మీద నుంచి తీసి, గది నడుమ ఒక చెక్క స్టూలు మీద పాత బొంత మడత పెట్టి దాని మీద ఉంచాను. ఆ రోజు నుంచి అది కుంటలేదు. బావ నా వీపు తట్టి, "మా బామ్మర్ది జూడు, పాడు జేసిపోయినదానికి పానం వోసిండు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. వాస్తు పోయింది కదా అని బావ అడిగితే, బొంత మీద ఉంటే వాస్తు పట్టదని నేనే ఒక శాస్త్రం పుట్టించాను. పాడు చేసిందెవరో మాత్రం చెప్పలేదు. చెబితే బస్సులో కిటికీ సీటు నుంచి పసుపూ కుంకుమా దాకా అన్నీ నా మీదికి వచ్చేవి.

అప్పటికైనా నోరు తెరవడానికి నాకు ఒక అవకాశం వచ్చింది. నెల తర్వాత సెంటరు ఫోన్ మోగింది. మానుకోట నుంచి (మహబూబాబాద్‌ను మావైపు అలాగే అంటాం) ఒక ప్రైవేటు కాలేజీ సారు. కంప్యూటర్ ల్యాబులో మనిషి కావాలట. బాతు సారు పోయి కలిశాడట, ఇంతకుముందు ఎక్కడ చేశావంటే మా నంబరు ఇచ్చాడట. ఇవ్వడానికి అతనికి ఇంకో నంబరు లేదు.

"పిల్లగాడు తెలివిగనే ఉన్నడు. లైనక్స్ బాగ తెలుసంటున్నడు. మీ దగ్గర ఏదో గడ్‌బడ్ అయిందని వేరేవాళ్ళు చెప్పిన్రు. నిజమేంది?"

బావ ఎదురుగా కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. అతని తప్పేం లేదు సార్ అని నాలుగు మాటలు అంటే చాలు. ఆ నాలుగు మాటల తర్వాత బావ తల ఎత్తేవాడు, మరెవరి తప్పు అనేవాడు.

"ఏమో సార్. మీరే చూస్కోండ్రి" అన్నాను.

"సరే, సమజైంది" అని ఆయన పెట్టేశాడు.

ఆ తర్వాత అతని గురించి నేను ఆరా తీయలేదు. బావ సెంటరు మూసేశాడు, నేను తొర్రూరులో షాపు పెట్టుకున్నాను, పెళ్ళయింది, పిల్లలు, పొట్ట. కథ మాత్రం ఏడాదికేడాది నునుపు తేలింది. కిందటి ఎండాకాలం మానుకోటలో ఒక పెళ్ళి. బంతిలో కూర్చుని నిమ్మరసం కారే చోటుకు వచ్చాను. అందరూ నవ్వుతున్నారు. ఎదుటి వరుసలో ఒకామె నవ్వలేదు. టీచరులా ఉంది. చేయి కడుక్కునే దగ్గర నా పక్కకు వచ్చి నిలబడింది.

"గా బాతు సారు మా అన్న" అంది.

నా చేతి మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"భూపాలపల్లిల టిప్పర్ నడుపుతుండు. మల్ల కంప్యూటర్ ముట్టలే. పిల్లలు ఫోన్ల ఏదన్న సెట్ చెయ్యమంటె గూడ, 'నాకు రాదు బిడ్డా, ఒకపారి ఒకల మిషిన్ పాడు జేసిన' అంటడు. మీ కత మంచిగుంది సార్. దాంట్ల మా అన్న ఏమైండో చెప్పలే."

అప్పటిదాకా నేను అతను నన్ను తిట్టుకుంటూ ఉంటాడని అనుకున్నాను. అది నాకు ఓదార్పుగానే ఉండేది. అతను తనను తాను తిట్టుకుంటూ బతికాడని తెలిశాక నా షాపులో నేను కూర్చోలేకపోయాను. వారం తిరక్కముందే హన్మకొండ మీదుగా పరకాల, అక్కడి నుంచి భూపాలపల్లి బస్సెక్కాను.

అతను పొద్దటి షిఫ్టు దిగి వచ్చేటప్పటికి మధ్యాహ్నం దాటింది. గనికి పోయే దారిలో ఒక టీ హోటలు దగ్గర కాచుకున్నాను. మెడ మీద బొగ్గు, నెరిసిన మీసం. నన్ను చూసి ఆగాడు.

"గుర్తు వట్టినవా తమ్మీ?"

"పొట్టొచ్చింది గాని మొఖం గదే అన్నా. ఇటెట్లొచ్చినవ్? దా, కూసో. ఛాయ్ తాగు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. వాస్తు, బండ, త్రీఫేజ్ పోవడం, గిర్ని అక్క తిట్లు. అతను ఛాయ్ తాగుతూ విన్నాడు. మోటారు ఆగగానే డిస్క్ లేచి కూర్చుందన్న చోట మాత్రం ముందుకు వంగాడు.

"గిర్ని ఆగినంక స్పీడ్ ఎంతొచ్చింది?"

"యాదికి లేదు తమ్మీ."

"రాసుకోలే?"

"లేదు."

"రాసుకోవద్దా అన్నా!" అన్నాడు. పదిహేనేళ్ళలో అతను నా మీద చూపిన మొదటి కోపం అదే. తర్వాత చాలాసేపు బల్ల మీద వేలితో ఏవో గీతలు గీశాడు. "పొద్దుగాల మెల్లగ, పొద్దూకినంక తేజ్. రాసి వెట్టుకున్న గద. గోడవతల జూడలే. నేను స్వాప్ అనుకున్న. ఏదో సెట్టింగుల నేనే ఎక్వ తక్వ జేసిన అనుకున్న. టిప్పర్ల కూసొని గూడ గదే లెక్క జేసేటోన్ని. మా యాడి గూడ గట్లనే అనుకొని పోయింది, కొడుకు ఒకలది పాడు జేసి వచ్చిండని."

మానుకోట సారు ఫోన్ సంగతి కూడా చెప్పాను. అది అతనికి తెలియదు.

"ఏమన్నవ్?"

"ఏమనలే. మీరే చూస్కోండ్రి అన్న."

"చెడ్డోడని చెప్పినా నయముండె. పోయి కొట్లాడుదును" అన్నాడు నెమ్మదిగా.

ఆ బరువు తట్టుకోలేక, బొంత మీద వాస్తు పట్టదని బావకు నేను చెప్పిన శాస్త్రం అందుకున్నాను. అలవాటైన నోరు. ఎక్కడ ఆపితే నవ్వొస్తుందో అక్కడ ఆపాను కూడా. ఇరవై నాలుగేళ్ళ ఆ ఇంజినీరు నా లోపల ఇంకా కుర్చీ వేసుకునే ఉన్నాడని నాకే జాలిగా నవ్వు వచ్చింది. అతను నవ్వలేదు.

"అన్నా, కత మంచిగ చెప్తవ్. అప్పట్ల గూడ మంచిగనే చెప్పేటోనివి. గింత దూరం గందుకే వచ్చినవా?"

"కాదు తమ్మీ" అన్నాను. ఆ తర్వాతి మాటలు అందంగా రాలేదు. "ల్యాప్‌టాప్ బండ మీద వెట్టింది నేను. నీ పనిల తప్పు లేకుండె, నువ్వెక్కిచ్చిన సాఫ్ట్‌వేర్ల తప్పు లేకుండె. ముందుగాల తెల్వక నీ మీద చెప్పిన, తెలిసినంక భయపడి నోరు మూసుకున్న. నీ నౌకరి, నీ పేరు నేనే తీసిన. మీ యాడికి చెప్పే దారి గూడ లేకుంట జేసిన. మాఫ్ చెయ్యమని అడిగే మొఖం లేదు నాకు. అయినా అడుగుతున్న తమ్మీ, నన్ను మాఫ్ చెయ్యి."